సెలవు తెలియని గడియారం

అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి. హాస్టలు గేటు ముందు ఆటోలు బారులు తీరాయి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే ఓ అబ్బాయి పెట్టె సర్దుకొని, రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి ఊరు చేరాడు. ఇంటి ముందు రంగు కాగితాల నక్షత్రం వేలాడుతోంది. వంటింట్లోంచి బెల్లం పాకం వాసన వస్తోంది. “ఎంత చిక్కిపోయావురా!” అంటూ అమ్మ ఎదురొచ్చింది. రెండు ఇడ్లీలు తిని పడుకొన్న అబ్బాయి లేచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మర్నాడూ అంతే. మూడోనాటికి నాన్న ఓపిక నశించింది. “హాస్టల్లో ఐదింటికే లేచేవాడివి. ఇంటికొచ్చేసరికి ఏం మాయరోగం? ఇంత బద్ధకమైతే ఎలాగురా?”

ఇది మన ఇళ్ళలో ఏటా జరిగేదే. మిషనరీ విద్యాసంస్థల్లో చదివేవారికి క్రిస్మస్‌కు వారం, పది రోజులు సెలవు దొరుకుతుంది. కేరళలో పాఠశాలలన్నిటికీ ఇంచుమించు పది రోజులు మూతే. మిగతావాళ్ళకు ఇదే ముచ్చట సంక్రాంతికి జరుగుతుంది. ఏ పండుగైతేనేం, తగువు ఒక్కటే. ఇంతకీ ఆ అబ్బాయిది బద్ధకమేనా? నాన్నను కాదు, శరీరశాస్త్రాన్ని అడిగి చూద్దాం.

నిద్ర బాకీ

మనకు నిద్ర రావడానికి రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. ఈ సంగతిని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రజ్ఞుడు ఒక నమూనాగా వివరించాడు. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్ళు మూతలు పడతాయి. నిద్రపోతే తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ చేసే పనల్లా ఈ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చోవడమే. ఒత్తిడి తగ్గదు, తగ్గినట్లు అనిపిస్తుంది. కాఫీ ప్రభావం పోగానే అసలు బాకీ బయటపడుతుంది.

ఇక లెక్క చూడండి. 14 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిపుణులు చెబుతారు. హాస్టల్లో రాత్రి పదకొండుకు పడుకొని ఐదింటికి లేచే విద్యార్థికి దక్కేది ఆరు గంటలు. కనీస అవసరానికే రోజుకు రెండు గంటలు తక్కువ. ఆరు రోజులకు పన్నెండు గంటల బాకీ. పరీక్షల రోజుల్లో ఇది ఇంకా పెరుగుతుంది. ఇంటికొచ్చిన పిల్లవాడు మొదటి రెండు మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడంటే, అతడు బాకీ తీరుస్తున్నాడన్నమాట. ఆ రెండు రోజులు అతన్ని లేపకండి. నాన్నలకు ఇది నా విన్నపం.

అయితే నాలుగోనాడూ ఐదోనాడూ కూడా రాత్రి రెండింటిదాకా మేలుకొని, పగలు పదకొండు దాకా పడుకొంటే మాత్రం దాన్ని బాకీ ఖాతాలో రాయలేం. అక్కడ రెండో ఏర్పాటు రంగంలోకి దిగుతుంది.

తలలోని గడియారం

1729లో ఫ్రాన్స్‌కు చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు డి మెయిరాన్ ఒక మొక్కను, బహుశా మన అత్తిపత్తి వంటి దాన్ని, చీకటి పెట్టెలో పెట్టాడు. వెలుగు లేకపోయినా అది పగటివేళకు ఆకులు విప్పుకొంటూ రాత్రివేళకు ముడుచుకొంటూ వచ్చింది. దానికి పొద్దు ఎలా తెలిసింది? లోపలే ఏదో గడియారం ఉందన్నమాట. ఆ గడియారం యంత్రాంగాన్ని జన్యువుల స్థాయిలో విప్పి చూపినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళు పని చేసింది అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద.

మనిషిలో ఈ గడియారం మెదడు అడుగుభాగాన, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు కలుసుకొనే చోటికి సరిగ్గా పైన ఉంటుంది. సుమారు 20 వేల నాడీకణాల చిన్న గుంపు అది. శరీర ఉష్ణోగ్రత ఎప్పుడు తగ్గాలో, మెలటోనిన్ అనే హార్మోను ఎప్పుడు ఊరాలో అదే నిర్ణయిస్తుంది. దీనికొక తమాషా గుణం ఉంది. చాలామందిలో ఇది సరిగ్గా 24 గంటలకు తిరగదు. సగటున మరో పది, పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకొంటుంది. పాతకాలపు గోడగడియారంలా రోజూ కొంచెం వెనకబడుతుంటుంది. దాన్ని రోజూ సరిచేసేది ఉదయపు వెలుగు. ఆ వెలుగు అందకపోతే, రాత్రి వెలుగు ఎక్కువైతే, అది వెనక్కి జరుగుతూనే ఉంటుంది. ఆలస్యంగా పడుకోవడం అందరికీ తేలికగా అలవడి, పెందలాడే పడుకోవడం ఎవరికీ అలవడకపోవడానికి ఇది ఒక కారణం.

కౌమారంలో ఈ గడియారం మరింత వెనక్కి జరుగుతుంది. పదేళ్ళ పిల్లవాడికి తొమ్మిదింటికే నిద్ర ముంచుకొస్తుంది. పదహారేళ్ళవాడికి పదకొండు దాటినా రాదు. అతడిలో మెలటోనిన్ ఊరడమే ఆలస్యంగా మొదలవుతుంది. ఈ వెనకబాటు దాదాపు 20 ఏళ్ళ ప్రాయంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తిరిగి తగ్గుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు టిల్ రోనెన్‌బర్గ్ బృందం 2004లో తెలిపింది. కాబట్టి నాన్నకు ఐదింటికే మెలకువ రావడంలో నాన్న గొప్పేమీ లేదు. అబ్బాయికి రాకపోవడంలో అబ్బాయి తప్పూ లేదు. ఇద్దరివీ వేర్వేరు గడియారాలు.

మంచం దిగకుండా జర్మనీకి

విమానంలో దూరదేశం వెళ్ళినవారికి కొన్ని రోజులు ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. దాన్ని జెట్‌లాగ్ అంటారు. విమానం ఎక్కకుండానే ఇదే అవస్థ కలుగుతుందని చెబుతూ రోనెన్‌బర్గ్ బృందం 2006లో ‘సోషల్ జెట్‌లాగ్’ అనే మాటను వాడింది. లెక్క చాలా తేలిక. కాలేజీ రోజుల్లో మీ నిద్రకు నడిమి సమయం ఎంతో చూడండి. పదకొండు నుంచి ఐదింటిదాకా అయితే అది రాత్రి రెండు గంటలు. సెలవుల్లో రెండు నుంచి పదింటిదాకా అయితే నడిమి సమయం ఉదయం ఆరు. తేడా నాలుగు గంటలు. చలికాలంలో మనకూ జర్మనీకీ ఉన్న కాలభేదం నాలుగున్నర గంటలు. అంటే మీరు మంచం దిగకుండానే ఇంచుమించు జర్మనీ వెళ్ళినట్టే!

వెళ్ళడం సులువే. గడియారం ఎలాగూ వెనక్కి జరగడానికి సిద్ధంగా ఉంటుంది. చిక్కల్లా తిరిగి రావడంలోనే. ముందుకు జరగడానికి దానికి గంటకు ఒక రోజు చొప్పున పడుతుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. జనవరి 2న కాలేజీ తెరిస్తే, జనవరి 1 రాత్రి పదింటికి పడుకొన్నంత మాత్రాన నిద్ర రాదు. పక్కమీద దొర్లుతారు. తెల్లవారి ఐదింటికి గంట మోగుతుంది. మీ శరీరానికి మాత్రం అది అర్ధరాత్రి ఒంటిగంట. మొదటి వారమంతా క్లాసులో తల బరువు, చిరాకు, ఆకలి మందగించడం, లెక్కల్లో చిన్న చిన్న పొరపాట్లు. ఇటీవలి సంవత్సరాల్లో జె.ఇ.ఇ. మెయిన్ తొలి విడత చాలాసార్లు జనవరిలోనే జరిగింది. ఆ పరీక్షకు కూర్చొనేవారు ఈ లెక్కను మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

అలాగని పండుగ మానుకోమని కాదు. డిసెంబరు 24 రాత్రి ఆరాధన, వీధివీధీ తిరిగే కేరల్స్ బృందం, 31 అర్ధరాత్రి ప్రార్థన, ఇవన్నీ రాత్రి సంగతులే. మెదక్ చర్చి వంటి చోట పండుగనాడు తెల్లవారకముందే ఆరాధన మొదలవుతుంది. ఒకటి రెండు రాత్రులు మేలుకొంటే గడియారం పాడైపోదు. మేలుకొన్న మర్నాడు మరీ పొద్దెక్కేదాకా పడుకోకుండా, మామూలు వేళకు గంట, గంటన్నర ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం మూడింటిలోపు అరగంట కునుకు తీస్తే సరిపోతుంది. లేచిన వెంటనే వాకిట్లోకి రావాలి. మేఘాలు కమ్మిన ఉదయాన కూడా ఆరుబయటి వెలుగు ఇంట్లోని దీపాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పేపరు చదవడమో, మొక్కలకు నీళ్ళు పోయడమో, పాలు తేవడమో, ఏ పనైనా సరే, పావుగంట, అరగంట బయట గడపాలి. సెలవుల చివరి నాలుగు రోజుల్లో లేచే వేళను రోజుకొక ముప్పావుగంట, గంట చొప్పున ముందుకు జరుపుకొంటూ రావాలి. పడుకొనే వేళ దానంతటదే జరుగుతుంది.

సెల్‌ఫోను సంగతి చెప్పకపోతే ఊరుకోరు. రాత్రిపూట తెర వెలుగు మెలటోనిన్‌ను కొంత ఆలస్యం చేస్తుందనేది నిజమే. కానీ నన్నడిగితే వెలుగు కన్నా తెరమీది కథే పెద్ద దొంగ. ఒక వీడియో అయిపోకముందే మరొకటి మొదలవుతుంది. తెరకు పసుపు రంగు పెట్టుకొని రెండింటిదాకా చూస్తే లాభమేముంది?

మధురై గబ్బిలాలు

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఎం.కె. చంద్రశేఖరన్ ముఖ్యులు. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఆయన బృందం గుహల్లోని గబ్బిలాలను పరిశీలించింది. గుహ లోపల చిమ్మచీకటి. పగలూ రాత్రీ తేడా తెలియదు. అక్కడ ఒక గబ్బిలాన్ని బోనులో ఉంచారు. సాయంత్రం కాగానే గుంపంతా రెక్కలు కొట్టుకొంటూ బయటికి పోతుంది, తెల్లవారేలోగా తిరిగి వస్తుంది. బోనులోని గబ్బిలానికి వెలుగు కనబడకపోయినా తోటివాటి రాకపోకలను బట్టే తన గడియారాన్ని సరిచేసుకొంది. తోటి గబ్బిలాలు లేని గుహలో ఒంటరిగా ఉంచినప్పుడు మాత్రం దాని గడియారం బయటి రోజుతో సంబంధం లేకుండా తన దారిన తాను తిరిగింది. 1981లో ఈ ఫలితాలు ప్రచురితమైనప్పుడు శాస్త్రలోకం ఆసక్తిగా చూసింది.

మనిషి గబ్బిలం కాదు, నిజమే. మనకు వెలుగే ప్రధానం. అయినా భోజన వేళలు, ఇంట్లో నలుగురి అలికిడి మన రోజును నిలబెట్టే గుంజలే. కాలేయం వంటి అవయవాల్లోనూ చిన్న గడియారాలున్నాయి, అవి తిండి వేళను బట్టి నడుస్తాయి. హాస్టల్లో గంట కొట్టేవారున్నారు. సెలవుల్లో ఆ గంట లేదు. గది తలుపు వేసుకొని, అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచి తిని, పగలు పడుకొనే విద్యార్థి ఒంటరి గబ్బిలం లాంటివాడు. అతన్ని సరిచేయడానికి నాన్న కేకలకన్నా రోజుకు రెండు పూటలైనా ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొనే భోజనం మెరుగ్గా పనిచేస్తుంది. ఉదయం టిఫిను ఎనిమిదిన్నరకు అని ఒక మాట అనుకొంటే చాలు, రోజుకు ఒక కొస దొరికినట్లే.

అమ్మమ్మ మందుల డబ్బా

వేళ తప్పితే నష్టపోయేది పిల్లలొక్కరే కాదు. స్వీడన్ దేశంలో 1998 నుంచి 2013 వరకు నమోదైన సుమారు 2 లక్షల 83 వేల గుండెపోట్లను పరిశీలించి, 2018లో ఒక నివేదిక ప్రచురించారు. క్రిస్మస్ సెలవుల్లో గుండెపోట్లు మామూలు కన్నా 15 శాతం ఎక్కువ. క్రిస్మస్ ముందురోజు, అక్కడ అసలు వేడుక ఆనాడే, 37 శాతం ఎక్కువ. అందులోనూ రాత్రి పది గంటల ప్రాంతంలో మరీ ఎక్కువ. 75 ఏళ్ళు దాటినవారు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ఎక్కువగా దెబ్బతిన్నారు. ఈస్టర్ సెలవుల్లో ఈ పెరుగుదల కనబడలేదు. కారణం ఇదేనని ఆ అధ్యయనం తేల్చలేదు. ఉద్వేగం, అలసట, అతిగా తినడం, తాగడం అన్నీ కలిసి ఉండవచ్చు. స్వీడన్ చలి వేరు, మన వాతావరణం వేరు. ఆ శాతాలను ఇక్కడికి అతికించకూడదు.

కానీ మన ఇళ్ళలో పండుగనాడు జరిగేదేమిటో ఆలోచించండి. అమ్మమ్మ తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే నిలబడుతుంది. చుట్టాలు రావడం ఆలస్యమై పన్నెండింటి భోజనం మూడింటికి జరుగుతుంది. ఉదయం చక్కెర మాత్ర వేసుకొని, తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తాయి. తాతయ్య రక్తపోటు మాత్ర ప్రయాణపు సంచిలోనే ఉండిపోతుంది. సెలవుకు ఇంటికొచ్చిన మనవడో మనవరాలో ఆ మందుల డబ్బా బాధ్యత తీసుకొంటే ఎంత మేలు! రాత్రివేళ పెద్దవాళ్ళకు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, లేదా ఊరికే విపరీతమైన ఆయాసం వస్తే “బిర్యానీ తిన్నాం కదా, గ్యాసై ఉంటుంది” అని సోడా ఇచ్చి తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.

బిర్యానీ మాట వచ్చింది కాబట్టి, ఆ గిన్నెకూ ఒక గడియారం ఉంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో గంటలు గడిచేకొద్దీ మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్ళేలలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. కేకు తింటే లావైపోతామనే బెంగ మాత్రం అంతగా అక్కర్లేదు. అమెరికాలో 195 మంది పెద్దలపై జరిగి, 2000 సంవత్సరంలో ప్రచురితమైన అధ్యయనంలో ఈ సెలవుల కాలంలో పెరిగిన సగటు బరువు 0.37 కిలోలే. కాకపోతే ఆ కొంచెమూ తర్వాతి నెలల్లో తగ్గలేదట.

భోజనాల దగ్గరి ప్రశ్న

ఇంగ్లీషు పత్రికల్లో ఏటా డిసెంబరులో ఒక మాట కనబడుతుంది, క్రిస్మస్‌కు ఆత్మహత్యలు పెరుగుతాయని. అది నిజం కాదు. అమెరికాలో సాధారణంగా డిసెంబరులోనే అవి తక్కువ. చలికాలపు దిగులు అనే జబ్బు ఉందిగానీ అది పగలు బాగా కురచయ్యే దేశాలది. డిసెంబరు చివర స్టాక్‌హోమ్‌లో పగలు ఆరు గంటలే. హైదరాబాదులో పదకొండు గంటలకు కాస్త పైనే. మన విద్యార్థి దిగులుకు సూర్యుణ్ణి తప్పుపట్టలేం.

మరి ఆ దిగులు ఎక్కడిది? జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో మన దేశంలో ఆత్మహత్య చేసుకొన్న విద్యార్థులు 13,044 మంది. ఏ ఒక్కరి విషయంలోనూ కారణం ఒక్కటే ఉండదు. కానీ నలిగిపోతున్న పిల్లలు ఇంటికి వచ్చి, కళ్ళెదుట కూర్చొని, మనతో అన్నం తినే రోజులు ఈ సెలవులే. నెలల తరబడి ఫోనులో “బాగున్నాను” అన్న గొంతు తప్ప ఏమీ తెలియని తల్లిదండ్రులకు, చూసి తెలుసుకొనే వీలు ఇప్పుడే దొరుకుతుంది. ఆ వీలును మొదటి ముద్దకే పోగొట్టే ప్రశ్న ఒకటుంది. “ఎన్ని మార్కులొచ్చాయి?” దాని వెంటే బాబాయి గారబ్బాయి ర్యాంకు ప్రస్తావన. ఆ తర్వాత ఆ పిల్లవాడు గది తలుపు వేసుకొంటే ఆశ్చర్యమేముంది? మార్కుల సంగతి మూడోనాడు, ఒంటరిగా ఉన్నప్పుడు అడగవచ్చు. ముందు హాస్టల్లో అన్నం ఎలా ఉంటోంది, పక్క మంచంవాడు ఎలాంటివాడు, నిద్ర పడుతోందా అని అడగండి.

బాకీ తీర్చే నిద్రకూ దిగులు నిద్రకూ తేడా పోల్చుకోవచ్చు. మొదటిది రెండు మూడు రోజుల్లో తగ్గి, మనిషి తేటపడతాడు. క్రికెట్‌కో చర్చికో స్నేహితుల ఇంటికో బయల్దేరతాడు. రెండోది తగ్గదు. ఎంత పడుకొన్నా అలసటే. లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. ఇష్టమైన పనులు రుచించవు, తిండి తగ్గుతుంది, “నేనెందుకూ పనికిరాను” వంటి మాటలు వస్తాయి. రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. చనిపోవాలన్న మాట ఎత్తినా, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా రెండు వారాలు ఆగకూడదు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహేనని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగేవారుంటే మనసులో బరువు కొంత దిగుతుంది.

ఇల్లు చేరలేనివాళ్ళనూ మరిచిపోవద్దు. హైదరాబాదులో చదివే నాగాలాండ్, మిజోరం విద్యార్థులకు క్రిస్మస్ అన్నిటికన్నా పెద్ద పండుగ. కానీ దూరం వల్ల, ఖర్చు వల్ల అందరూ వెళ్ళలేరు. మెస్ మూతపడిన హాస్టల్లో పండుగనాడు ఒంటరిగా ఉండటం ఎలా ఉంటుందో ఊహించండి. మీ తరగతిలో అలాంటివారు ఉంటే భోజనానికి పిలవండి.

ఇక తిరుగు ప్రయాణం నాటి సంగతి. ముందురోజు సాయంత్రం పెట్టె సర్దుతుండగా కొందరికి కడుపునొప్పి వస్తుంది. కొందరికి తలనొప్పి, వాంతి. డాక్టరు చూస్తే ఏమీ కనిపించదు. “నాటకాలు” అని బస్సెక్కించేస్తాం. అది నాటకం కాదు. భయానికి, పేగులకు మధ్య నరాల దారులున్నాయి, ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. మామూలు బెంగ అయితే కాలేజీకి వెళ్ళిన రెండు మూడు రోజుల్లో సర్దుకొంటుంది. ప్రతి సెలవు చివరా అదే నొప్పి వస్తుంటే, ఈసారి మరీ ఎక్కువగా ఉంటే, ఆ రాత్రి బస్సు టిక్కెట్టు రద్దయినా ఫరవాలేదు, అక్కడ ఏం జరుగుతోందో అడగాలి. వెక్కిరించేవారున్నారా, కొట్టేవారున్నారా, పాఠం అర్థం కావడం లేదా, అసలు ఆ కోర్సే ఇష్టం లేదా? ఇంట్లో చెప్పలేని మాట పరాయివారికి చెప్పగలిగే పిల్లలూ ఉంటారు. అలాంటివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.